ముందు ఎవరికి వైద్యం?

పిల్లలూ! రేషను దుకాణం దగ్గర ముందు వచ్చినవారికి ముందు సరుకులిస్తారు. అది న్యాయమే. మరి ఆసుపత్రి అత్యవసర విభాగంలో కూడా ఇదే పద్ధతి పాటించవచ్చునా?

ఒక లెక్క చూద్దాం. డాక్టరు ఒక్కరే ఉన్నారు. రోగులు ముగ్గురు. మొదట వచ్చినాయనకు జలుబు, కొద్దిపాటి జ్వరం. రెండవవాడు చెట్టుమీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకొన్న కుర్రవాడు. బాధతో గట్టిగా ఏడుస్తున్నాడు. ఆఖరున వచ్చిన తాతగారు బల్లమీద మౌనంగా కూర్చున్నారు. ఒళ్ళంతా చెమట. నిమిషానికి 34 సార్లు ఊపిరి తీస్తున్నారు. ముందు ఎవరిని చూడాలి?

కుర్రవాడినే అనుకొన్నారా? కాదు, తాతగారిని! విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అది 30 దాటితే లోపల ఏదో పెద్ద ప్రమాదం ఉండవచ్చునని గుర్తు. గుండె ఆగి మెదడుకు రక్తం అందకపోతే, కొద్ది నిమిషాలలోనే మెదడు కణాలు చనిపోసాగుతాయి. విరిగిన చెయ్యి కాసేపు ఆగగలదు. పైగా కుర్రవాడు గట్టిగా ఏడవగలుగుతున్నాడంటే అతని గొంతులోకి గాలి బాగానే ఆడుతున్నదన్నమాట!

ఇలా రోగులను వేరుచేయడాన్ని ‘ట్రయాజ్’ అంటారు. ‘ఏరడం’ అనే అర్థం గల ఫ్రెంచి మాటనుంచి వచ్చిందిది. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే, హోదా చూడకుండా తీవ్రంగా గాయపడినవారికే ముందు చికిత్స చేయాలన్నాడు. నేడు అనేక ఆసుపత్రులలో రోగి రాగానే ఊపిరి, నాడి, రక్తపోటు, స్పృహ పరీక్షించి రంగులు కేటాయిస్తారు. ఎరుపు అయితే వెంటనే వైద్యం. పసుపు అయితే త్వరలో. ఆకుపచ్చ అయితే వేచి ఉండవచ్చు.

“మేమే ముందు వచ్చాం” అని కొందరు గొడవపడతారు. మనవాళ్ళ బాధ మనకు పెద్దదే. కాని ఆ క్షణంలో లోపల ఒక ప్రాణాన్ని నిలబెడుతూ ఉండవచ్చు. అయితే ఒక్క విషయం మరవకండి. ఇచ్చిన రంగు శాశ్వతం కాదు. వేచి ఉన్న రోగి మగతగా అయిపోయినా, ఆయాసపడినా వెంటనే నర్సుకు చెప్పాలి.

ఇక మీరొక పని చేయండి. ఇంట్లో పెద్దవారు తీరికగా కూర్చున్నప్పుడు, వారికి చెప్పకుండా, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కించండి. తర్వాత చెప్పి లెక్కించండి. రెండు లెక్కలూ ఒకటేనా? తేడా వస్తే ఎందుకో ఆలోచించండి!