గచ్చు నేల మీద వాన



ఫిబ్రవరి 25 కువైట్ జాతీయ దినం, 26 విమోచన దినం. వీటికి శుక్ర, శనివారాలు కలిసొస్తే నాలుగు రోజులు వరుసగా సెలవు. మనవాళ్ళు పులిహోర, బిర్యానీ వండుకుని, నలుగురూ కలిసి బండి మాట్లాడుకుని 'బర్'కు, అంటే ఎడారికి, బయల్దేరతారు. ఇలా వెళ్ళి పగలంతా గడిపి రావడాన్ని ఇక్కడివాళ్ళు 'కష్తా' అంటారు. వినడానికి కష్టంలా ఉన్నా, పని మాత్రం సుఖమైనదే. ఆ రోజు వాన పడితేనే వస్తుంది చిక్కు. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు, "మన వైపు అంతంత వానలు చూసినవాళ్ళం, ఇక్కడి నాలుగు చినుకులకు భయమేంటండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. కరువు సీమ అనిపించుకున్న అనంతపురంలో కూడా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కువైట్‌లో 110 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అయితే ఇక్కడ ఆలోచించాల్సింది ఎంత పడిందని కాదండీ, పడిన నీళ్ళు ఎటు పోతాయని.

కువైట్‌లో చాలాచోట్ల పైన ఇసుక, దాని కింద సిమెంటులా గట్టిపడిన పొర ఉంటుంది. ఆ పొరను ఇక్కడ 'గచ్' అంటారు. మన ఇళ్ళలో 'గచ్చు' అంటామే, ఆ మాటకు ఇది చుట్టమే. రెండూ పారసీ నుంచి వచ్చినవే. పేరుకు తగ్గట్టే ఆ నేల నీళ్ళను సులువుగా తాగదు. మన ఇంటి గచ్చు మీద బిందెడు నీళ్ళు ఒలికితే ఎలా పల్లానికి పరుగెడతాయో, ఇక్కడ వాననీళ్ళూ అలాగే పరుగెడతాయి. ఏడాదంతా ఎండిపోయి దారిలా కనిపించే పల్లం అరగంటలో వాగవుతుంది.

పైగా మీ నెత్తిన వాన పడకపోయినా నీళ్ళు రావచ్చు. ముత్లా గట్టు మీద కురిస్తే దిగువకు రాక తప్పదు కదా. రాజంపేట వైపు వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి మీదికి వచ్చింది. ఆ నీళ్ళు ఎగువ నుంచి వచ్చినవే. ఇక్కడ కట్టలు లేవన్న మాటే గాని, నీటి గుణం ఒకటే.

కాబట్టి గాలి తగలదని పల్లంలో గుడారం వేయకండి, కాస్త మెరకలో వేసుకోండి. దారిలో నీళ్ళు పారుతుంటే బండి దింపవద్దు. ఒక అడుగు లోతు నీటి వేగం చాలు, చిన్న కారును పక్కకు నెట్టడానికి. 2019లో షేక్ జాబర్ వంతెన తెరిచాక సుబియా వైపు వెళ్ళడం సులువైంది. అక్కడి తీరం దగ్గర ఉప్పు నేలలు పైకి ఎండినట్టే ఉంటాయి, కింద బురద. చక్రం దిగిందంటే పైకి రాదు.

నగరంలోనూ అజాగ్రత్త కూడదు. 2018 నవంబరులో వరుస వానలకు అండర్‌పాస్‌లు నిండాయి, విమానాల రాకపోకలు ఆగాయి, ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశారు.

ఇక రెండో సంగతి, దీనికి వరద కూడా అక్కర్లేదు. వాన రాగానే చలి పెరుగుతుంది. బయట వంట చేసిన బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చి తెరలన్నీ మూసేస్తారు. ఆ బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ రావట్లేదు కదా అని నమ్మకండి. తలనొప్పి, వికారం, నిద్రమత్తు ఒకరికి కాదు, అందరికీ కలిసి మొదలైతే వెంటనే బయటికి వచ్చేయండి. వానలో తడిసినా ఫరవాలేదు. 112కు ఫోన్ చేయండి.

మూడోది. 1990–91లో ఇరాక్ సైన్యం ఈ ఇసుకలో లక్షల కొద్దీ మందుపాతరలు పెట్టింది. చాలావరకు తీసేశారు. అయినా మిగిలిపోయినవి వానకు ఇసుక కొట్టుకుపోయి పైకి తేలుతుంటాయి. తుప్పు పట్టిన ఇనుప వస్తువు ఏది కనిపించినా ముట్టవద్దు, పిల్లల్ని ముట్టనివ్వవద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళి 112కు చెప్పండి.

ఇదంతా విని ఎడారి వానను తిట్టుకోకండి. అక్టోబరులో మొదలయ్యే 'వస్మ్' వానలు బాగా పడితేనే చలికాలం చివర 'ఫగా' అనే పుట్టగొడుగు జాతి దుంపలు ఇసుకలో ఊరతాయి. కువైట్ జాతీయ పుష్పం అర్ఫజ్ పసుప్పచ్చగా పూసేదీ ఆ తడితోనే.

ఇళ్ళలో పనిచేసేవారికి వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి 68వ చట్టం చెబుతోంది. అయినా ఎందరికో అది రాక రాక వస్తుంది. అందుకే మబ్బు పట్టినా వెనక్కి తిరగబుద్ధి కాదు. బండి బాడుగ ఇచ్చేశాం, వంట అయిపోయింది అనుకుంటాం. నేను చెప్పేదొక్కటే. పులిహోర స్నేహితుల గదిలో తిన్నా అదే రుచి. ఊళ్ళో మన డబ్బు కోసమే కాదు, మన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. మబ్బు చూసి బండి తిప్పినవాడిని పిరికివాడనకండి, అతని పక్కన కూర్చోండి.

మళ్ళీ కలుద్దాం. సెలవు.