ఆస్తి పోయినా ఆధారం నిలవాలి

1940 డిసెంబరులో సుమారు 1,580 మంది యూదు శరణార్థులను బ్రిటిషువారు మన మారిషస్ ద్వీపానికి తరలించి, బోబాసిన్ కారాగారంలో నిర్బంధించారు. అక్కడ మరణించినవారి సమాధులు సెయింట్ మార్టిన్‌లో నేటికీ ఉన్నవి. వారు ఇక్కడ ఉండగానే, 1941 నవంబరు 25న జర్మనీ ప్రభుత్వం విదేశాలలో నివసించే జర్మన్ యూదుల పౌరసత్వాన్ని రద్దుచేసి, వారి ఆస్తిని స్వాధీనం చేసుకొన్నది.

యుద్ధానంతరం పశ్చిమ జర్మనీ భూభాగంలో 1947 నుండి ఆస్తులను తిరిగి ఇచ్చే చట్టాలు వచ్చినవి. తూర్పు భాగంలోని ఇళ్లు, భూములకై కోరుటకు 1990లో గాని వీలు కలుగలేదు. దానికి గడువు 1992 డిసెంబరు 31. అప్పటికి యజమానులలో పలువురు గతించారు. వారసులు, అనగా ఆస్తికి హక్కుగల సంతతివారు, ఎర్బ్‌షైన్ అనే వారసత్వ పత్రంతో తమ హక్కును నిరూపించుకోవలసి వచ్చినది. దానికి జనన, వివాహ, మరణ పత్రాలే మూలం. గడువులోగా వారసులు కోరని ఆస్తి, యూదుల పక్షాన దావా వేసిన క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే సంస్థకు దక్కినది.

మన పూర్వుల పేర్లు కూడా ఒక్కొక్క పత్రంలో ఒక్కొక్క విధంగా కనబడుతున్నవి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస దస్తావేజులు భద్రంగా ఉన్నవి. పెద్దలు మన మధ్య ఉండగానే ఆ పేర్లను సరిపోల్చి, వ్రాసి ఉంచుకొందము.