డిజైన్ కలిసే జేబు

స్వెటర్ మీద పూల డిజైన్ చక్కగా వచ్చి, జేబు దగ్గర మాత్రం పువ్వు సగానికి తెగిపోతే అది అతికించిన ముక్కలానే కనిపిస్తుంది. ఇక్కడ చేతివాటం కన్నా లెక్క ముఖ్యం.

ఇళ్లలో వాడే మామూలు పంచ్‌కార్డు అల్లిక మిషన్‌లో 200 సూదులు, సూదికీ సూదికీ 4.5 మి.మీ. దూరం. డిజైన్ 24 సూదులకోసారి మళ్లీ మొదలవుతుంది. ఆ 24 లెక్క మిషన్ సూదులకి కట్టుబడి ఉంటుంది, మనం అల్లే ముక్కకి కాదు. కిటుకంతా అదే. స్వెటర్ ముందుభాగంలో జేబు ఎడమవైపు 15 నుంచి 44 సూదుల మీదికి రావాలంటే, జేబుని విడిగా అల్లేటప్పుడూ అవే సూదులు వాడాలి. వీలుగా ఉంటుంది కదా అని మధ్యకి జరిపితే డిజైన్ కూడా తప్పుతుంది. జరపక తప్పదంటే సరిగ్గా 24 జరపండి. మోడ్యులో చదివినవాళ్లం, ఇదేం కొత్త కాదు!

నిలువుకీ ఇంతే. కార్డు 40 వరసలదనుకుందాం. డిజైన్‌లో 50వ వరస దగ్గర జేబు అడుగు వస్తే, కార్డుని 10వ వరస నుంచి నడపాలి. కుట్టులోకి పోవడానికి అటూ ఇటూ ఒక్కో సూది ఎక్కువ తీసుకోండి. బిగువు మాత్రం ముందుభాగానికి పెట్టిందే.

పైఅంచు అలాగే వదిలేస్తే చుట్టుకుపోతుంది. ఒకే రంగుతో 6 వరసలు, మడతకి వదులుగా ఒకటి, మళ్లీ 6 అల్లి లోపలికి మడిచి కుట్టేయాలి. జేబు అతికేముందు ఆవిరి పట్టండి. యాక్రిలిక్ ఊలైతే ఇస్త్రీపెట్టె అస్సలు తగలనివ్వొద్దు, సాగిపోయి మళ్లీ మామూలుగా అవ్వదు.

రెండు రంగుల అల్లికలో వెనక దారాలు వేలాడుతుంటాయి, వేళ్లకి తగులుకుంటాయి. ఉంగరాలు పెట్టుకునేవాళ్లయితే లోపల పల్చటి లైనింగ్ వేయించుకోవాల్సిందే.