వంటింట ఆహారం వృథా కాకుండా: మొబైల్ యాప్ రూపకల్పన

పొలంలో పండిన గింజ కంచంలోకి చేరేలోగా ఎన్నో చేతులు మారుతుంది. రైతు శ్రమ, కాలువ నీరు, ఎరువు, విద్యుత్తు, రవాణా అన్నీ ఒక్క ముద్ద అన్నంలో ఇమిడి ఉన్నాయి. కిలో వడ్లు పండించడానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావలసి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. కనుక చెత్తబుట్టలో పడేది మిగిలిన అన్నం మాత్రమే కాదు; దాని వెనుక ఉన్న శ్రమ, నీరు కూడా.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022వ సంవత్సరంలో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమయింది. అందులో నూటికి 60 పాళ్ళు గృహాలలోనే వ్యర్థమయింది. హోటళ్ళు, దుకాణాల వాటా మిగిలిన 40 పాళ్ళు మాత్రమే. అదే సంవత్సరంలో దాదాపు 70 కోట్ల మంది ఆకలితో అలమటించారు. మన దేశంలో గృహ వ్యర్థం తలకు ఏటా 55 కిలోలని ఆ నివేదిక అంచనా వేసింది. నలుగురున్న కుటుంబానికి ఇది రోజుకు సుమారు 600 గ్రాములవుతుంది. ఐతే ఈ లెక్కలో తొక్కలు, టెంకలు, ఎముకలు వంటి తినడానికి వీలులేనివి కూడా చేరి ఉన్నాయి.

చిల్లర దుకాణాలలోను, గృహాలలోను ఆహార వ్యర్థాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని 2015లో ప్రపంచ దేశాలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఈ లక్ష్యసాధనలో ప్రతి ఇంట ఉన్న సెల్‌ఫోను కూడా సాధనం కాగలదా అన్నది నేడు ఇంజనీరింగ్ విద్యార్థులు తరచు చేపడుతున్న ప్రశ్న.

వృథాకు మూల కారణాలు

యాప్ నిర్మించబోయే ముందు వృథా ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్న సరకును మరల కొనడం మొదటిది. ఎందరు తింటారో తెలియక అధికంగా వండడం రెండవది. అలమరలోనో, రిఫ్రిజిరేటరులోనో వెనుకకు జరిగిన పదార్థాన్ని మరచిపోవడం మూడవది. ఈ మూడింటికీ మూలం ఒక్కటే: అవసరమైన వేళకు అవసరమైన సమాచారం చేతిలో లేకపోవడం. సమాచారాన్ని దాచి, సమయానికి గుర్తుచేయడమే యాప్ చేయగల పని.

సరకుల పట్టిక

యాప్‌కు పునాది ఇంటిలోని సరకుల పట్టిక. పొట్లం మీది బార్‌కోడును ఫోను కెమెరా చదివితే చాలునని తొలుత అనిపిస్తుంది. కాని మామూలు బార్‌కోడులోని 13 అంకెలు ఆ సరకు ఏదో మాత్రమే చెబుతాయి. దాని గడువు తేదీని చెప్పవు. ఒకే రకం పాల పొట్లాలన్నిటిపైనా ఒకే సంఖ్య ఉంటుంది. తేదీని ఇముడ్చుకోగల చతురస్రాకారపు కోడులు ఉన్నప్పటికీ అవి ఇంకా అన్ని సరకులపైనా కానరావు. అందువలన తేదీని విడిగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి.

పైగా మన వంటింటి సరకులో అధిక భాగం పొట్లాలలో రాదు. రైతుబజారులో కొన్న తోటకూర కట్టకు బార్‌కోడు ఉండదు. ఇటువంటి వాటికి యాప్ తానే సుమారు గడువును సూచించవలసి ఉంటుంది. కొత్తిమీరకు కొద్ది రోజులు, గుమ్మడికాయకు వారాలు అన్నట్లు ముందే నిర్ణయించి పెట్టాలి. నిల్వ చేసే పద్ధతి కూడా చెప్పాలి. అరటి, మామిడి, టమాటా పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును వెలువరిస్తాయి. వాటి పక్కన ఉంచిన ఆకుకూరలు త్వరగా పసుపుబారతాయి. కొనే వేళనే ఈ హెచ్చరిక కనిపిస్తే, పారవేసే వేళ రాదు.

తేదీలలో భేదం

గడువు తేదీలు రెండు విధాలు. ఫలానా తేదీలోగా వాడవలెనన్నది ఆరోగ్య భద్రతకు సంబంధించినది. ఫలానా తేదీ వరకు శ్రేష్ఠమన్నది రుచికి, నాణ్యతకు సంబంధించినది. రెండవ తేదీ దాటినంత మాత్రాన బిస్కెట్లు విషం కావు. ఈ భేదాన్ని పాటించని యాప్ వృథాను తగ్గించడానికి బదులు పెంచుతుంది. ఎర్రగుర్తు చూసి మంచి పదార్థాన్ని సైతం పారవేసే అలవాటు నేర్పుతుంది. అట్లే దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది. వండిన పదార్థాలలో 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. అందువలన పొదుపు పేరిట పాడైన ఆహారాన్ని తినిపించే సూచనలు యాప్‌లో ఉండరాదు.

మిగిలినదానికి మారురూపం

మిగిలిన పదార్థంతో ఏమి వండవచ్చునో చెప్పే విభాగం యాప్‌కు జీవం వంటిది. ఇందుకు విదేశీ వంటల జాబితాలు అక్కరలేదు. రాత్రి మిగిలిన అన్నాన్ని నీటిలోనో, మజ్జిగలోనో నానవేసి ఉదయాన తినే పద్ధతిని తెలుగువారు చద్దన్నమంటే, తమిళులు పళయ సోరు అన్నారు. ఒడిశాలో అది పఖాళ, బెంగాల్‌లో పాంతా భాత్, అస్సాంలో పొయితా భాత్. గుజరాత్‌లో మిగిలిన రొట్టెలను తుంచి తాలింపు పెడతారు. బెంగాలీ గృహిణి ఆనపకాయ తొక్కతో వేపుడు చేస్తుంది. అధికంగా పండిన కూరగాయలను తెలుగు ఇళ్ళలో ఒరుగులుగా ఎండబెడితే, కాశ్మీరులో శీతకాలం కొరకు ఎండబెట్టి దాస్తారు. భాషలు వేరైనా, వంటింటి వివేకం ఒక్కటే. ఈ వివేకాన్ని ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి అందించగలిగితే యాప్ దేశాన్ని కలిపే వంటల పుస్తకం కూడా అవుతుంది.

ఇంటి అవసరానికి మించినది పొరుగువారికి చేరాలి. లండన్‌లో 2015లో ప్రారంభమైన ఓలియో అనే యాప్ మిగులు ఆహారాన్ని ఇరుగుపొరుగువారు పంచుకొనేందుకు తోడ్పడుతున్నది. మన దేశంలో 2014లో ఢిల్లీలో ఆరంభమైన రాబిన్ హుడ్ ఆర్మీ స్వచ్ఛంద సేవకులు హోటళ్ళలోని మిగులును పేదలకు చేరుస్తున్నారు. మిగులు ఆహారం సేకరణ, పంపిణీల కొరకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు రూపొందించింది.

భారం ఎవరిపై?

వీటన్నిటిని మించిన ప్రశ్న మరొకటి ఉంది: పట్టిక నింపేది ఎవరు? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్లు తేలింది. ప్రతి ఉల్లిపాయనూ నమోదు చేయమనే యాప్ ఆ 299 నిమిషాలకు మరికొన్ని చేర్చుతుంది. అటువంటి దానిని గృహిణి వారం తిరగకుండానే పక్కన పెడుతుంది. కనుక ఒకే పట్టికను ఇంటిల్లిపాదీ తమ తమ ఫోనులలో చూడగలగాలి. బజారుకు వెళ్ళినవారే సరకును నమోదు చేయాలి. రాత్రి భోజనానికి రానివారు సాయంత్రమే ఒక మీట నొక్కి ఆ సంగతి తెలపాలి. అప్పుడు బియ్యం ఒక డబ్బా తగ్గించి పోస్తారు. ఈ చిన్న ఏర్పాటు ఖరీదైన యంత్రాలకంటె ఎక్కువ అన్నాన్ని కాపాడగలదు.

నోటిమాటతో, మాతృభాషలో నమోదు చేసే వీలుండాలి. గ్లాసు, డబ్బా, గుప్పెడు వంటి ఇంటి కొలతలను యాప్ గ్రహించాలి. ఇంటర్నెట్ అందని వేళలోను పనిచేయాలి. కుటుంబం ఏమి తింటున్నదనే సమాచారం ఆ కుటుంబానిదే కనుక, దానిని అనుమతి లేకుండా వ్యాపారులకు అందించరాదు.

1965లో దేశం ఆహార కొరతను ఎదుర్కొన్నప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికొక పూట భోజనం మానుకొనవలసిందిగా ప్రజలను కోరారు. ఎన్నో ఇళ్ళు ఆ పిలుపును పాటించాయి. నేడు పూట మానవలసిన అవసరం లేదు. వండినదాన్ని పారవేయకుండా ఉంటే చాలును. యాప్ గుర్తుచేయగలదు, లెక్క చెప్పగలదు. ఎసటిలో ఎన్ని బియ్యం పోయాలో నిర్ణయించేది మాత్రం మనిషే. ఆ నిర్ణయంలో ఇంటివారందరూ పాలుపంచుకొన్ననాడు అన్నం పట్ల మన గౌరవం మాటలకే పరిమితం కాక ఆచరణలో కనిపిస్తుంది.