ఏడాది కుర్చీ

శాండీఫోర్డ్‌లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ తెలుగువాళ్లను కూడా ‘మీ కౌన్సిల్ అధ్యక్షులెవరు?’ అని అడిగితే తడుముకుంటారు. వాళ్ల తప్పేం లేదు. పేరు నోటికి పట్టేలోపే మనిషి మారిపోతారు.

డబ్లిన్ దక్షిణ శివారులోని ఈ ఆఫీసుల పేట డన్ లీరీ–రాత్‌డౌన్ కౌంటీ కౌన్సిల్ కిందికి వస్తుంది. సభ్యులు 40 మంది. అందులో ఏడుగురు గ్లెన్‌కలెన్–శాండీఫోర్డ్ నుంచి గెలిచినవాళ్లు. అధ్యక్ష పదవిని ఐరిష్‌లో ‘కహీర్లాఖ్’ అంటారు. ఏటా జూన్‌లో సభ్యులే ఒకరిని ఎన్నుకుంటారు. పాతవారి మెడలోని గొలుసు కొత్తవారి మెడలోకి చేరుతుంది.

అలాగని రాజకీయం లేదనుకోకండి. 2019 ఎన్నికల్లో 13 స్థానాలతో ఫైన్ గేల్ అతి పెద్ద పార్టీ అయింది. ఫియానా ఫాల్, లేబర్, గ్రీన్ పార్టీలు చేతులు కలిపి కుర్చీని వంతులేసుకున్నాయి. షే బ్రెనన్, ఊనా పవర్, లెటీ మెకార్తీ, మాజీ మంత్రి మేరీ హానఫిన్, డెనిస్ ఓకాలహన్: అయిదేళ్లకు అయిదుగురు. పెద్ద పార్టీకి ఒక్క ఏడాదీ దక్కలేదు. వీరిలో మెకార్తీ శాండీఫోర్డ్ వైపు కౌన్సిలరే. మధ్యలో దించే దారి చట్టంలో ఉన్నా, ఎవరు మాత్రం అంత శ్రమ పడతారు? జూన్ ఎంతో దూరం ఉండదు కదా.

మన విశాఖలో కథ వేరు. 2021 మార్చిలో మేయరైన గొలగాని హరి వెంకట కుమారిపై నాలుగేళ్లు నిండాకే అవిశ్వాసానికి వీలు చిక్కింది. కావలసింది మూడింట రెండు వంతుల బలం. ఇక ఫిరాయింపులు, శిబిరాలు, విప్‌లు. 2025 ఏప్రిల్ 19న సరిగ్గా 74 ఓట్లతో తీర్మానం నెగ్గింది. ఒక్క ఓటు తగ్గినా వీగిపోయేదే! ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు.

తమాషా ఏమిటంటే, రెండుచోట్లా రోజువారీ పాలన ఆ కుర్చీ చేతిలో ఉండదు. అక్కడ చీఫ్ ఎగ్జిక్యూటివ్, ఇక్కడ కమిషనర్. ఇద్దరూ ఓట్లతో వచ్చినవారు కారు. కౌన్సిల్‌నే ఎత్తేసిన చరిత్రా ఐర్లండ్‌కు ఉంది: 1924లో డబ్లిన్ కార్పొరేషన్‌ను ప్రభుత్వం రద్దు చేసి, 1930 దాకా కమిషనర్లతో నడిపించింది.

శాండీఫోర్డ్ తెలుగువాళ్లకు ఒక్క మాట. స్థానిక ఎన్నికల్లో ఓటుకు ఐరిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, అక్కడ నివాసముంటే చాలు. ముందు ఓటర్ల జాబితాలో పేరుందో లేదో చూసుకోండి.