ఓడ ప్రయాణంలో డబ్బు లెక్క: ఎక్కే ముందు, ఓడ మీద, దిగే ముందు

మన కుటుంబాలలో ఓడ ప్రయాణాల మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లవారు అలాస్కాకో, కరీబియన్ దీవులకో వెళ్లివస్తున్నారు. హోసూరు, కోలారు, బళ్లారి వైపువారు బెంగళూరులోనో చెన్నైలోనో విమానమెక్కి సింగపూరు చేరి, అక్కడ ఓడ ఎక్కి మూడు నాలుగు రాత్రులు తిరిగి వస్తున్నారు. ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి అన్నది ఏజెంటు చెబుతాడు. డబ్బు ఎలా పట్టుకెళ్లాలి, ఓడ మీద ఎలా చెల్లించాలి, చివరి బిల్లు ఎలా సరిచూసుకోవాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పెద్దలు మమ్మల్ని ఎక్కువగా అడిగేవి ఈ ప్రశ్నలే కాబట్టి, తెలిసినంత మేరకు ఇక్కడ వరుసగా రాస్తున్నాం.

టికెట్‌లో ఉండేవి, ఉండనివి

టికెట్ ధరలో సాధారణంగా గది, ప్రధాన భోజనశాల, బఫే భోజనం, నాటకాలు, పాటల కార్యక్రమాలు, ఈత కొలను ఉంటాయి. మద్యం, కూల్ డ్రింకులు, ప్రత్యేక కాఫీ, వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, బట్టలు ఉతికించడం, ఓడవారు తీసే ఫొటోలు, రేవులలో దిగి చూసే యాత్రలు, డాక్టరు ఫీజు ఇవన్నీ విడిగా చెల్లించాల్సినవే. బల్ల మీద పెట్టిన ప్రతిదీ ఉచితం అనుకోకూడదు. గదిలో ఉంచిన నీళ్ల సీసాకు కూడా కొన్ని ఓడలలో ధర ఉంటుంది.

అన్నిటికన్నా మనవాళ్లను ఆశ్చర్యపరిచేది గ్రాట్యుటీ. మనం ఉద్యోగ విరమణ రోజున అందుకునే గ్రాట్యుటీ కాదిది, ఓడ సిబ్బందికి ఇచ్చే బక్షీసు. చాలా విదేశీ ఓడలు దీన్ని మనిషికి, రోజుకు ఇంత అని బిల్లులో వాటంతటవే కలుపుతాయి. పిల్లలకూ లెక్క కడతాయి. రోజుకు మనిషికి 18 డాలర్ల చొప్పున అనుకుంటే, నలుగురున్న కుటుంబానికి 4 రాత్రులకు 288 డాలర్లు అవుతుంది. పానీయాల మీద సేవా రుసుము వేరు. కాబట్టి బుకింగ్ రోజునే ఏజెంటును రెండు ప్రశ్నలు అడగండి: గ్రాట్యుటీ ఇందులో కలిసిందా? ఓడ మీద లెక్క ఏ కరెన్సీలో రాస్తారు? జవాబు కాగితం మీద తీసుకోండి.

టీసీఎస్ సంగతి

విదేశీ యాత్ర ప్యాకేజీ ఇక్కడి ఏజెంటు దగ్గర కొంటే, ఆయన పాన్ నంబరు తీసుకుని టీసీఎస్ అనే పన్ను ముందుగా వసూలు చేస్తాడు. ఈ సొమ్ము పోయినట్టు కాదు. అది మీ పాన్ కింద జమ అవుతుంది, 26ఏఎస్ పత్రంలో కనబడుతుంది. కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే తిరిగి పొందవచ్చు. కానీ రిటర్ను వేస్తేనే ఇది సాధ్యం. పన్ను పడేంత ఆదాయం లేదని రిటర్ను వేయని పెన్షనర్లు ఈ సొమ్మును అలాగే వదిలేసుకునే ప్రమాదముంది. నాలుగు కుటుంబాలు కలిసి ఒకరి పేరు మీదే డబ్బు కడితే జమ అంతా ఆ ఒక్కరి పాన్‌లోకే వెళుతుంది. ఎవరి వాటా వారి పాన్ మీదే కట్టుకోవడం మేలు.

బయలుదేరే ముందు బ్యాంకు పనులు

2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు విదేశీ చెల్లింపులకు మొదట మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోగాని శాఖలోగాని మనమే తెరిపించుకోవాలి, పరిమితి కూడా మనమే పెట్టుకోవాలి. పిన్ గుర్తుందో లేదో ఇక్కడే ఒకసారి ఏటీఎంలో చూసుకోండి. తిరిగి వచ్చాక విదేశీ చెల్లింపులను మళ్లీ మూసేయండి.

కార్డు మీద విదేశీ ఖర్చుకు బ్యాంకు అదనపు రుసుము తీసుకుంటుంది. ఉదాహరణకు అది 3.5 శాతమైతే, లక్ష రూపాయల ఖర్చుకు 3,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130 రూపాయలు. అన్ని కార్డులకూ ఒకే రేటు ఉండదు కాబట్టి ఇంట్లో ఉన్నవాటిలో దేనికి తక్కువో కనుక్కుని అదే పట్టుకెళ్లండి.

రొక్కం విషయానికొస్తే, చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు కొనవచ్చు. మిగతాది ఫారెక్స్ కార్డు రూపంలో తీసుకోవచ్చు. కొనేటప్పుడు 50,000 రూపాయలకు మించితే నోట్లతో కట్టడం కుదరదు, బ్యాంకు ద్వారానే కట్టాలి. మన రూపాయి నోట్లు మనిషికి 25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. అవి ఓడ మీద పనికిరావు గానీ, తిరిగి దిగాక టాక్సీకి, భోజనానికి కావాలి. అధికారిక మార్పిడి కేంద్రంలోనే కొని రసీదు దాచండి. చిరిగిన, గీతలు రాసిన డాలరు నోట్లను బయట చాలా చోట్ల తీసుకోరు. అక్కడే లెక్కపెట్టి, చూసి తీసుకోండి.

ఓడ మీద చెల్లింపు

ఓడ మీద దుకాణంలో, కాఫీ దగ్గర నోట్లు తీసుకోరు. గది తాళంగా ఇచ్చే ప్లాస్టిక్ కార్డే అక్కడ డబ్బు సంచి. దాన్ని చూపించి ఏది తీసుకున్నా మీ గది ఖాతాలో రాస్తారు. ఆ ఖాతాకు ఎక్కేటప్పుడు ఒక క్రెడిట్ కార్డును జతచేయాలి, లేదా కౌంటర్లో కొంత రొక్కం ముందుగా జమ కట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బిల్లు రాకముందే ఓడవారు మన కార్డు మీద కొంత సొమ్మును పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే పరిమితి కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డయితే మన సొంత సొమ్మే ఆగిపోతుంది. ఖాతాలో కనబడుతుంది గానీ తీయడానికి వీలుండదు. దిగిన తర్వాత అది విడుదల కావడానికి చాలా రోజులు పట్టవచ్చు. పెన్షను ఖాతా డెబిట్ కార్డును ఓడ ఖాతాకు జతచేయవద్దని మేము గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఓడ ఖాతాకు క్రెడిట్ కార్డు, రేవులలో ఖర్చుకు ఫారెక్స్ కార్డు, చిల్లర అవసరాలకు కొన్ని నోట్లు: ఈ మూడింటికీ మూడు పనులు అప్పగించండి.

పిల్లల తాళం కార్డుతో ఖర్చు జరగకుండా ఆపమని, లేదా ఇంతకు మించకుండా చూడమని కౌంటర్లో అడగవచ్చు. జూదశాల వైపు అసలు వెళ్లకపోవడమే మంచిది. అక్కడ గది ఖాతా నుంచి డబ్బు తీసుకుంటే దానికీ రుసుము వేసే ఓడలున్నాయి.

ఫోను, ఓటీపీ, యూపీఐ

ఓడ రేవు దాటాక మన సిమ్‌కు సిగ్నలు ఉండదు. బదులుగా ఓడ సొంత నెట్‌వర్కు పట్టుకుంటుంది. అది మామూలు రోమింగ్ ప్యాకులో ఉండదు, ధర చాలా ఎక్కువ. కాబట్టి ఓడ కదలగానే ఫోనును ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓటీపీ కావాల్సిన చెల్లింపులన్నీ, కరెంటు బిల్లు, బీమా వాయిదా, క్రెడిట్ కార్డు గడువుతో సహా, ఇంటి దగ్గరే ముగించుకుని బయలుదేరండి.

యూపీఐ 2024 ఫిబ్రవరి 12న శ్రీలంకలోనూ మారిషస్‌లోనూ మొదలైంది. సింగపూరులోనూ కొన్ని చోట్ల పనిచేస్తుంది. అంతమాత్రాన విదేశీ ఓడ మీద ఫోను చూపించి కట్టేయవచ్చని అనుకోవద్దు.

రేవులలో

పెనాంగ్‌లో రింగిట్, ఫుకెట్‌లో బాట్ నడుస్తాయి. సగం పూట కోసం ఎక్కువ మార్చుకుంటే మిగిలినది మళ్లీ మార్చేటప్పుడు నష్టమే. దుకాణంలో కార్డు గీసినప్పుడు యంత్రం రూపాయలలో కడతారా, స్థానిక కరెన్సీలో కడతారా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలంటే మనకు తెలిసిన లెక్కలా కనిపిస్తుంది గానీ, ఆ మార్పిడి రేటు దుకాణదారు వైపువారు పెట్టేది. సాధారణంగా మనకే ఎక్కువ పడుతుంది. అమెరికా రేవులలో సామాను మోసేవారికి ఇవ్వడానికి 1, 5 డాలర్ల నోట్లు కొన్ని ఉంచుకోండి.

వైద్యం ఖర్చు

ఓడ మీద డాక్టరు ఉంటాడు. ఆయన ఫీజు, మందులు, సెలైను అన్నీ గది ఖాతాకే ఎక్కుతాయి, అదీ డాలర్లలో. ఇక్కడి మామూలు ఆరోగ్య బీమా సాధారణంగా అక్కడ పనిచేయదు. ఓడ ప్రయాణానికి వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. బీపీ, షుగర్ ఉన్న సంగతి దాచకుండా రాయించండి. ముందు మనం కట్టి, తర్వాత బీమావారిని అడగాల్సి రావచ్చు కాబట్టి కార్డులో అంత పరిమితి మిగిల్చి ఉంచండి.

అందుకే ఇంటి పెద్ద ఒక్కరి పేరు మీదే కార్డు ఉంచి బయలుదేరవద్దు. ఆయనకే జ్వరం వస్తే ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. భార్యాభర్తలిద్దరికీ చెరొక కార్డు, చెరొక పిన్, వేర్వేరు సంచులలో ఉండాలి. కొడుకు, కోడలితో వెళ్లే పెద్దలు కూడా చేతిలో కొంత సొంత సొమ్ము ఉంచుకోవాలి. ఒక కాఫీకి, మనవరాలికి ఒక బొమ్మకి అబ్బాయిని అడగాల్సి వస్తే చాలామంది అడగరు, ఊరుకుంటారు. బిల్లు కొడుకు కట్టినా సరే, ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ తల్లిదండ్రుల చేతిలో ఉండడం వేరు.

చివరి రాత్రి

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఓడ బిల్లు విషయంలో ఇది అక్షరాలా నిజం. చివరి రోజు ఉదయం కౌంటరు దగ్గర పెద్ద వరుస ఉంటుంది. అందుకని ప్రతి రాత్రీ గదిలోని టీవీలోగాని ఓడ యాప్‌లోగాని ఖాతా చూసుకుని, చిన్న పుస్తకంలో రాసుకున్న ఖర్చుతో పోల్చండి. తాగని పానీయం, వాడని వైఫై, రెండుసార్లు పడ్డ యాత్ర రుసుము కనబడితే చివరి సాయంత్రానికి ముందే వెళ్లి చెప్పండి. ఓడ మీద ఉండగా సరిచేయించుకోవడం తేలిక. ఇంటికి వచ్చాక అదే పనికి ఈమెయిళ్లు రాస్తూ ఎదురుచూడాలి.

బిల్లు ప్రతిని దాచి, కార్డు స్టేట్‌మెంటు వచ్చాక సరిచూడండి. మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల విలువ వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించినవి వచ్చిన 180 రోజులలోగా తిరిగి అమ్మేయాలి.

వచ్చే సెలవులలో బయలుదేరేవారు ఈ కాగితాన్ని ఒక ప్రతి తీసి పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి. బుకింగ్ కాగితాలు చదవడంలో సందేహముంటే సంఘానికి తీసుకురండి, కలిసి చూద్దాం.