కాళ్లు అరువు తెచ్చుకున్న తంతి

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలుమార్గం 1899–1901 మధ్య దశలవారీగా తెరుచుకుంది. మీటర్ గేజ్, ఒంటి లైను. ఇందూరు మీదుగా, అంటే నేటి నిజామాబాద్ మీదుగా పోయే ఆ దారిలో రెండు బళ్లు ఎదురెదురుగా రాకూడదు. అందుకే ఒంటి లైనుమీద ఈ స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్ మాస్టరును ముందే అడగాలి. ‘లైన్ క్లియర్’ అని జవాబు రానిదే బండి కదలకూడదు. ఆ కాలంలో బండి కంటే ముందు పోగలిగింది తంతి ఒక్కటే. పట్టాలు ఎక్కడికి పోతే తీగా అక్కడికి పోయింది.

మన దేశంలో ఈ తంతి యంత్రానికి పురుడు పోసినవాడు ఒక వైద్యుడు. ఐర్లండ్‌కు చెందిన విలియం బ్రూక్ ఓషానెసీ 1839లోనే కలకత్తాలో తీగలు కట్టి ప్రయోగాలు చేశాడు. కొంతమేర తీగకు బదులు హుగ్లీ నది నీటిగుండానే కరెంటు పంపి చూశాడు. 1851 నాటికి కలకత్తా–డైమండ్ హార్బర్ లైను పని చేసింది. 1855 నాటికి ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలకు తీగ చేరింది.

యంత్రం చాలా సాదాది. బ్యాటరీ, మీట, తీగ, అవతల ఒక విద్యుదయస్కాంతం. ఇక్కడ మీట నొక్కితే అక్కడ ఇనుప పట్టీ అయస్కాంతానికి తగిలి టక్కుమంటుంది. వదిలితే వెనక్కి పోతూ మళ్లీ టక్కుమంటుంది. ఈ రెండు చప్పుళ్ల మధ్య వ్యవధి తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. చెయ్యి తిరిగిన ఆపరేటరు కాగితం వంక చూడకుండా చెవితోనే అక్షరాలు పట్టేవాడు.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది తిరుగు దారి. కరెంటు పోవాలంటే వలయం పూర్తి కావాలి, అంటే రెండు తీగలు ఉండాలి. స్తంభాల మీద ఉన్నది మాత్రం ఒక్కటే. రెండోది భూమి! రెండు చివర్లా లోహపు పలకలు పాతితే చాలు, నేలే కరెంటును తిరిగి మోస్తుంది. తేమ పట్టి ఉంచే నల్లరేగడి ఈ పనికి అనువైన నేల. ఎండాకాలం నేల బిగుసుకుపోతే పలక చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసేవారు. వానాకాలం బాధ వేరు. స్తంభం మీద తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నెలు తడిస్తే వాటి మీదుగా కరెంటు స్తంభంలోకి కారిపోయి సందేశం నీరసించేది.

అప్పట్లో ఉత్తరాల సంగతి వేరేగా నడిచేది. నిజాం రాజ్యానికి సొంత టపా ఉండేది. 1869 నుంచి సొంత బిళ్లలు వేసుకుంది. వాటిమీద తెలుగు అక్షరాలకూ చోటు దక్కింది. బ్రిటిష్ ఇండియాలో మాత్రం 1914లో టపా, తంతి శాఖలను ఒక్కటి చేశారు. ఇది ఖర్చు తగ్గించే లెక్కే కావచ్చు, కానీ అందులో లోతైన ఇంగితం ఉంది. తంతి పట్నం దాకా క్షణాల్లో వస్తుంది. పట్నం నుంచి పల్లెకు పోవడానికి దానికి కాళ్లు లేవు. ఆ కాళ్లు టపాకు ఉన్నాయి.

ఇక ఇందూరు ప్రాంతానికి వస్తే, 1931లో నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది, పక్కనే శక్కర్‌నగర్ వెలసింది. చక్కెరైనా నిజామాబాద్ పసుపైనా వ్యాపారమంటే ధర, ధర అంటే అంకె. తంతి వాడే ఆ చుక్కలు, గీతల మోర్స్ సంకేతంలో ప్రతి అంకెకూ ఐదు గుర్తులు. రెండుకు రెండు చుక్కలు, మూడు గీతలు. అందులో రెండో చుక్క గీతగా వినబడితే అది ఒకటైపోతుంది! అందుకే అంకెలున్న తంతిలో ఆపరేటర్లు వాటిని చివర్న మరోసారి చెప్పుకునేవారు.

తెలుగు రైతు ఇంటికి తంతి ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చేది. ఆనాటి సర్కారు కచేరీ భాషేమో ఉర్దూ. తారొచ్చిందంటే చావుకబురేనని ఇంట్లో ముందే గుండెలు జారేవి. చదివిపెట్టే మనిషిని వెతకాలి. క్షణాల్లో రాజ్యాలు దాటిన కబురు వాకిట్లో అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. యంత్రం తన పని తాను చేసింది. తీగ వేసినంత శ్రద్ధగా బడులు పెట్టినవారు లేరు.

1950లో నిజాం టపా భారత తంతి తపాలా శాఖలో కలిసిపోయింది. 1985లో ఆ శాఖనే రెండుగా చీల్చి తపాలా ఒకవైపు, టెలికాం మరోవైపు పెట్టారు. తంతి టెలికాం వాటాకు వెళ్లింది, కాళ్లు తపాలా దగ్గర ఉండిపోయాయి. టెలిఫోనే తంతిని మింగిందని అంటారు. నిజమే. కానీ మొబైళ్లు వచ్చాక కూడా సైనికుడి సెలవుకు, కోర్టు సాక్ష్యానికి తంతి కాగితానికే విలువ ఉండేది. శాఖ విడిపోకుండా ఉంటే ఆ కాస్త అవసరాన్ని ఇంకొన్నాళ్లు చవకగా తీర్చగలిగేదని నా నమ్మకం. 2000లో ఏర్పడిన బీఎస్ఎన్ఎల్ చేతికి వచ్చేసరికి అది నష్టాల పద్దు. 2013 జూలై 14 రాత్రి చివరి సందేశాలు తీసుకుని సేవ ఆపేశారు.

చట్టం మాత్రం ఆగలేదు. తీగల కోసం 1885లో రాసిన టెలిగ్రాఫ్ చట్టం కిందే మన టెలిఫోన్లూ మొబైళ్లూ నడిచాయి. ఫోన్లు చాటుగా వినడానికి ప్రభుత్వాలు వాడుకున్న అధికారమూ అందులోని 5వ సెక్షనే. దాని స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 2023లో వచ్చింది, మరుసటి ఏడు జూన్ నుంచి భాగాలుగా అమలు కాసాగింది.